పాతికేళ్లకే విశ్రాంతి: మహిళా రెజ్లింగ్‌లో తారల తయారీ

మా చిన్నప్పుడు వేసవి సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్తే పిల్లలందరిదీ ఒకటే ఆట, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు. ఎత్తు, బరువు, ఛాతీ, కండ, గెలిచిన పోటీలు, ర్యాంకు... మా అన్నయ్యలు ఆ అంకెల్ని ఎక్కాల కంటే బాగా కంఠతా పట్టారు. నేనూ పట్టాను. మా దగ్గరున్న కట్టలో ఒక్క ఆడమనిషి కార్డు కూడా లేదు. అది లోటని నాకప్పుడు తోచను కూడా లేదు. రాత్రిపూట ఆ కార్డుల్లోని మనుషులే టీవీలో ఒకళ్లనొకళ్లు ఎత్తి కుదేస్తుంటే అమ్మమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ ఓ కన్ను అటు వేసేది. "అదంతా ఉత్తుత్తి కొట్లాటర్రా, ముందే చెప్పుకుని ఆడతారు" అని తేల్చేసేది. కాసేపాగి తనే, "కిందపడ్డప్పుడు నడుం మాత్రం నిజంగానే విరుగుతుంది పాపం" అనేది.

చాలా ఏళ్ల తర్వాత, సాహిత్యంలో పరిశోధన చేస్తున్న రోజుల్లో రోలా బార్త్ 1957లో తన 'మైథాలజీస్' పుస్తకంలో వేసిన రెజ్లింగ్ వ్యాసం చదివాను. రెజ్లింగ్ ఆట కాదు, ప్రదర్శన అంటాడాయన. అక్కడ ఎవరు గెలిచారన్నదాని కంటే బాధ, ఓటమి, న్యాయం ప్రేక్షకుడికి ఎలా కనబడ్డాయన్నదే ముఖ్యమంటాడు. అమ్మమ్మ మొదటి మాట నాకు ఆ వ్యాసంలో దొరికింది. రెండో మాట కోసం మాత్రం వేరే చోట వెతకాల్సి వచ్చింది. ఆ వెతుకులాటే నన్ను జపాన్ మహిళా రెజ్లింగ్ చరిత్ర దగ్గరికి తీసుకెళ్లింది.

ఈ వృత్తి గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో పోటీ ఫలితాన్ని సాధారణంగా కంపెనీ ముందే నిర్ణయిస్తుంది. ప్రేక్షకులు ప్రేమించాల్సిన మనిషిని 'ఫేస్' అనీ, ద్వేషించాల్సిన మనిషిని 'హీల్' అనీ అంటారు. ఎవరు ఏ పాత్ర వెయ్యాలో, ఎవరు ఎప్పుడు బెల్టు గెలవాలో, ఎవరి కథ ఎక్కడ ముగియాలో కంపెనీ రాస్తుంది. అంటే తార పుట్టదు, తయారవుతుంది. మరి ఆ తయారీలో ముడిసరుకు ఒక ఆడపిల్ల శరీరమూ, వయసూ, పేరూ అయినప్పుడు ఏం జరుగుతుంది? తయారైన తార మీద హక్కు ఎవరిది? ఈ వ్యాసంలో నేను చూడదలుచుకున్నది ఇదే.

కథ అమెరికాలో మొదలవుతుంది

జపాన్ కథ చెప్పాలంటే ముందు మిల్డ్రెడ్ బర్క్ గురించి చెప్పాలి. 1915లో కాన్సస్ రాష్ట్రంలో పుట్టింది. ఆర్థికమాంద్యం రోజుల్లో హోటల్లో వడ్డనపని చేసుకుంటూ, కడుపుతో ఉండి, మల్లయోధుడూ శిక్షకుడూ అయిన బిల్లీ వుల్ఫ్ దగ్గరికి వెళ్లి తనకీ నేర్పమంది. ఆమెని వదిలించుకోవడానికి అతను ఒక కుర్రాణ్ణి పిలిచి ఎత్తి కుదేయమన్నాడనీ, ఆమే ఆ కుర్రాణ్ణి ఎత్తి కుదేసిందనీ ఆ రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత తిరునాళ్ల గుడారాల్లో, ఎవరైనా సరే రమ్మని సవాలు చేస్తూ మగవాళ్లతో పోటీపడింది. 1937లో ఛాంపియన్ అయింది. వుల్ఫ్ ఆమె భర్త, మేనేజరు, వ్యాపారి మూడూ అయ్యాడు.

బర్క్ పేరు మీద వచ్చిన గిరాకీతో వుల్ఫ్ ఇంకా ఎంతోమంది అమ్మాయిల్ని చేర్చుకుని అమెరికా అంతటా మహిళా రెజ్లింగ్‌ని తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఎవరికి పోటీలు దొరకాలో, ఎవరికి దొరకకూడదో అతని ఇష్టం. ఇద్దరూ విడిపోయాక ఆ గుప్పిటి బలం ఏమిటో ఆమెకి తెలిసొచ్చింది. 1954 ఆగస్టులో అట్లాంటాలో ఆమెకి ప్రత్యర్థిగా నిలబడింది వుల్ఫ్ కోడలు జూన్ బయర్స్. ఆ పోటీకి ముందే రాసుకున్న ముగింపు లేదు, నిజంగానే పెనుగులాడారు. మొదటి పట్టు బర్క్ ఓడిపోయింది. రెండోది ఎటూ తేలకుండానే పోటీ ఆపేశారు. మర్నాడు పేపర్లు బయర్స్ గెలిచిందని రాశాయి. దాదాపు పదిహేడేళ్లు ఛాంపియన్‌గా ఉన్న మనిషి కథని అలా ముగించారు.

అదే ఏడాది నవంబరులో బర్క్ తన బృందంతో జపాన్ వెళ్లింది. ఆ ప్రదర్శనలు చూసి అక్కడ ఆడవాళ్ల రెజ్లింగ్ బృందాలు పుట్టుకొచ్చాయి, పోయాయి, మళ్లీ పుట్టాయి. 1968లో మత్సునాగా సోదరులు 'ఆల్ జపాన్ విమెన్స్ ప్రో రెజ్లింగ్' అనే కంపెనీ పెట్టారు. జపాన్‌లో దాన్ని క్లుప్తంగా జెన్‌జో అనేవారు. ఆ కంపెనీలో అన్నిటికంటే పెద్ద బెల్టు బర్క్ స్థాపించిన సంస్థ పేరుతో ఉన్నదే. తన దేశంలో తన కథ మీద హక్కు పోగొట్టుకున్న మనిషి ఇంకో దేశపు ఆడపిల్లలకి ఒక బెల్టు ఇచ్చి వెళ్లింది. ఆ బెల్టుతో పాటు, దాన్ని చేతుల్లో పెట్టుకుని నడిపే మగవాళ్ల వ్యవస్థ కూడా వెళ్లిందని ఆమెకి తట్టిందో లేదో.

పాటలు పాడే మల్లయోధురాళ్లు

మొదట్లో జెన్‌జో ప్రేక్షకుల్లో ఎక్కువమంది మగవాళ్లే. ఈతదుస్తుల్లాంటివి వేసుకున్న ఆడవాళ్లు పెనుగులాడటాన్ని చూడ్డానికి వచ్చేవాళ్లు. దాన్ని మార్చింది ఒక టీనేజి అమ్మాయి. టీవీలో పాటల పోటీలో ఫైనల్ దాకా వెళ్లిన మాచ్ ఫుమియాకే 1974లో రెజ్లింగ్‌లోకి వచ్చింది. రింగులో పాట పాడింది, మర్నాడు బెల్టు కోసం కొట్లాడింది. కంపెనీకి ఒక సూత్రం దొరికింది. 1976లో జాకీ సాతో, మాకీ ఉఎదా అనే ఇద్దరు పొడవాటి అమ్మాయిల్ని జతకట్టి 'బ్యూటీ పెయిర్' అని పేరుపెట్టారు. వాళ్ల పాట జపాన్ అంతా మార్మోగింది. ఫుజి టీవీ ప్రసారం చేసింది. హాళ్ల నిండా స్కూలు పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు.

ఇది చిన్న మార్పు కాదు. మగవాళ్ల చూపు కోసం ఏర్పడ్డ ఒక ప్రదర్శనని ఆడపిల్లల చూపు ఆక్రమించుకుంది. బలంగా, పొడుగ్గా, జుట్టు కత్తిరించుకుని, చెమటతో తడిసి, నొప్పికి బాహాటంగా అరిచే ఆడవాళ్లని వాళ్లు ఎందుకంత ఇష్టంగా చూశారో ఊహించడం కష్టం కాదు. 'మెల్లగా మాట్లాడు, ఒద్దికగా కూర్చో' అని చెప్పించుకున్న ఆడపిల్లలు మనకీ తెలుసు, మనమే కదా!

కానీ ఆ ఇష్టాన్ని పట్టుకున్న కంపెనీ ఒక లెక్క వేసుకుంది. అభిమానులు పదమూడు, పధ్నాలుగేళ్ల పిల్లలు. వాళ్లు నాలుగైదేళ్లలో పెరిగి వెళ్లిపోతారు. వాళ్ల తర్వాత వచ్చేవాళ్లకి కొత్త అక్కలు కావాలి. 1979 ఫిబ్రవరి 27న టోక్యో బుడోకాన్‌లో బ్యూటీ పెయిర్ ఇద్దర్నీ ఒకరి మీదకి ఒకర్ని పంపారు. ఓడినవాళ్లు రెజ్లింగ్ వదిలెయ్యాలన్నది షరతు. ఉఎదా ఓడింది, వెళ్లిపోయింది. 1981లో సాతో కూడా తప్పుకుంది. స్నేహాన్ని అమ్మిన చోటే దాని ముగింపుకీ టికెట్లు అమ్మారు.

మూడు నిషేధాలు, ఒక గడువు

జెన్‌జోలో చేరాలంటే ముందు ఎంపిక. పదిహేను, పదహారేళ్ల అమ్మాయిలు దేశం నలుమూలల నుంచీ వచ్చేవాళ్లు. 1980ల మధ్యలో ఒక్కో ఎంపికకి వేలల్లో దరఖాస్తులు వచ్చేవి, తీసుకునేది మాత్రం వేళ్లమీద లెక్కపెట్టేంతమందినే. ఎంపికైనవాళ్లు కంపెనీ వసతిగృహంలో ఉండాలి. సీనియర్లకి వండాలి, బట్టలు ఉతకాలి, రింగు మోసుకెళ్లి బిగించాలి, ఆ తర్వాత సాధన. పరీక్ష పాసైతేనే రింగులో అడుగు. కొత్తవాళ్ల మధ్య జరిగే పోటీల్లో చివరి పట్టు చాలాసార్లు నిజమైనదే. ప్రత్యర్థి భుజాల్ని నిజంగానే నేలకి అదిమి లేవకుండా పట్టాలి. ఎవరు పైకి వస్తారో కంపెనీ అలా కూడా తేల్చుకునేది. 'ఉత్తుత్తి' అన్న మాట వాళ్ల దగ్గర చెల్లదు.

ఇక నియమాలు. మద్యం వద్దు, పొగ వద్దు, మగవాళ్లు వద్దు. ఈ మూడు నిషేధాలకి తోడు ఎక్కడా రాసిపెట్టని నాలుగోది ఇంకొకటి: పాతికేళ్లు వచ్చేసరికి తప్పుకోవాలి. పాతిక దాటిన ఆడది పెళ్లి చేసుకుని ఇంటికి పోవాలన్నది ఆనాటి జపాన్ సమాజపు మాట. కంపెనీకి అది వ్యాపారానికి కూడా కలిసొచ్చింది. పాత తార వెళ్తేనే కొత్త తారకి చోటు. పాత తార ఎక్కువ కాలం ఉంటే ఎక్కువ డబ్బు అడుగుతుంది, తన కథలో తన మాట చెల్లాలంటుంది. పాతికేళ్ల గడువు ఆ ప్రమాదాన్ని తప్పించింది. పితృస్వామ్యమూ మార్కెట్టూ ఒకదాని పని ఒకటి ఎంత చక్కగా చేసిపెడతాయో చూడండి!

ఇది చదువుతున్నప్పుడు నాకు ఒక ఇంటర్వ్యూ గుర్తొచ్చింది. డాక్టరేట్ చేతికొచ్చిన కొత్తలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి వెళ్లాను. బల్లకి అవతల ముగ్గురు. నా పరిశోధన గురించి ఒక్క ప్రశ్న, మిగతావన్నీ నా గురించే. "పెళ్లయిందా అమ్మా? అవలేదా? మరి అయితే ఆయన ఎక్కడుంటారో! పిల్లలు పుడితే సెలవు పెడతారు కదా?" నాకప్పుడు ఇరవై తొమ్మిది. నా మీద కూడా ఒక గడువు తేదీ ముద్రవేసి ఉందని, అది నాకు తప్ప అందరికీ కనబడుతోందని ఆ రోజు తెలిసింది. ఉద్యోగం రాలేదు. అది ఎక్కడా రాసిపెట్టని నియమమే కాబట్టి దాని మీద ఎక్కడా ఫిర్యాదు కూడా ఇవ్వలేం.

1985: ఒక గుండు, ఒక ముసుగు

1980లో జెన్‌జోలో రింగెక్కిన కొత్త అమ్మాయిల్లో ముగ్గురి గురించి చెప్పాలి. నాగసాకి ప్రాంతం నుంచి వచ్చిన, కరాటే తెలిసిన చిగుసా నగయో. లయనెస్ అసుకాగా పేరుపొందిన అమ్మాయి. సైతామాకి చెందిన కావొరు మత్సుమోతో. మొదటి ఇద్దర్నీ 1983లో 'క్రష్ గాల్స్' అన్న జంటగా చేశారు. మళ్లీ పాటలు, టీవీ, స్కూలు పిల్లల వెర్రి అభిమానం. మరి మూడో అమ్మాయి? లావుగా ఉంది, అందానికి కంపెనీ పెట్టుకున్న కొలతల్లో ఇమడదు. ఆమెని 'డంప్' మత్సుమోతో చేశారు. ముఖానికి రంగులు, చేతిలో గొలుసులు, వెదురు కత్తి. 1984లో ఆమె నాయకత్వంలో దుష్టకూటమి ఏర్పడింది. అందంగా ఉన్నవాళ్లు మంచివాళ్లు, లావుగా ఉన్నది చెడ్డది. మన సినిమాలు మనకి నేర్పిన వ్యాకరణమే ఇది.

1985 ఆగస్టు 28న ఒసాకాలో నగయోకీ డంప్‌కీ పోటీ. ఓడినవాళ్లకి రింగులోనే గుండు. నగయో ఓడింది. నెత్తుటితో ఉన్న ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి జుట్టు గొరిగారు. హాలు నిండా ఆడపిల్లలు గుండెలు బాదుకుని ఏడ్చారు. ఆ దృశ్యం మీద చాలాకాలం నాకు ఏ అభిప్రాయమూ స్థిరపడలేదు. ఆడదాని జుట్టు తీయించి అవమానించడం మన సమాజానికి కొత్త కాదు, వితంతువుల కథలు మనకి తెలుసు. దాన్నే వినోదంగా అమ్మారని కోపం వస్తుంది. అదే సమయంలో, గుండుతో లేచి నిలబడ్డ నగయోని ఆ పిల్లలు వదిలెయ్యలేదు, ఇంకా ఎక్కువ ప్రేమించారు. కంపెనీ అమ్మింది అవమానాన్ని. పిల్లలు కొనుక్కెళ్లింది వేరేదేమో అనిపిస్తుంది.

మరి డంప్? ఆ పాత్ర ఎంత బాగా వేసిందంటే ద్వేషం హాలు బయటికి కూడా వచ్చింది. ఆమె కుటుంబం ఉంటున్న ఇంటిదాకా వెళ్లింది. కలిసి చేరి, ఒకే వసతిగృహంలో బతికిన స్నేహితురాళ్లు మంచీచెడూగా విడిపోయి బయట మాట్లాడుకోవడానికి లేకుండా పోయింది. 1988లో ఆమె తప్పుకుంది. 1989 మేలో నగయో, ఇరవై నాలుగేళ్లకి. ఆ ఆగస్టులో అసుకా.

అదే 1985లో నవంబరు 25న న్యూయార్క్‌లో ఇంకోటి జరిగింది. వెండీ రిక్టర్ అప్పటి అమెరికన్ మహిళా తార. గాయని సిండీ లాపర్ తోడుగా ఆమెని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ 1984లో టీవీలో ఆకాశానికెత్తింది. డబ్బు దగ్గర, కాంట్రాక్టు దగ్గర ఆమె పేచీ పెట్టింది. ఆ రాత్రి ముసుగు వేసుకున్న ప్రత్యర్థి ఒకరు రింగులోకి వచ్చి, అనుకున్న కథ తప్పించి, రిఫరీ తోడుగా ఆమెని ఓడించింది. ముసుగు వెనక ఉన్నది ఫ్యాబ్యులస్ మూలా. రిక్టర్‌కి రెజ్లింగ్ నేర్పిన గురువు ఆమే.

మూలా ఒకప్పుడు బిల్లీ వుల్ఫ్ దగ్గర పనిచేసింది. తర్వాత సౌత్ కరోలినాలో తనే శిక్షణకేంద్రం పెట్టింది. అమ్మాయిలు ఆమె స్థలంలోనే అద్దెకి ఉండాలి, పోటీలు ఆమే కుదర్చాలి, వచ్చిన దాంట్లో పాతిక శాతం ఆమెకి. అంతకంటే ఘోరమైన ఆరోపణలు కూడా శిష్యురాళ్ల నుంచీ, వాళ్ల కుటుంబాల నుంచీ వచ్చాయి. 2018లో డబ్ల్యూడబ్ల్యూఈ ఒక మహిళల పోటీకి ఆమె పేరు పెడతానంటే అభిమానులు ఒప్పుకోలేదు, రోజుల్లోనే పేరు తీసెయ్యాల్సి వచ్చింది. మూలాని వట్టి దుర్మార్గురాలిగా చూసి ఊరుకోవడం సులువు. వుల్ఫ్ దగ్గర ఆమె నేర్చుకున్నది కుస్తీపట్లు మాత్రమే కాదు, ఆడపిల్లల శ్రమ మీద బతికే పద్ధతి కూడా. కోడలిగా పడ్డవన్నీ అత్తగా పెట్టడం మనం ఇళ్లలో చూసిందే.

తల్లి చేతి దెబ్బ

అందుకే నగయో తర్వాతి జీవితం నాకు ఈ కథ మొత్తంలో గుండెకాయలా కనిపిస్తుంది. పాతికలోపే పంపేసిన ఆమె 1990ల్లో తిరిగొచ్చింది. అప్పటికి ఆ గడువు నియమమే సడలిపోయింది. 1994 నవంబరు 20న జెన్‌జో టోక్యో డోమ్‌లో సుమారు పదిగంటల పాటు ఆడవాళ్ల రెజ్లింగ్ నడిపింది. హాజరు 42,500 అని ప్రకటించుకుంది. నగయో తనే ఒక కంపెనీ పెట్టింది, పేరు గైయా జపాన్. 1995 ఏప్రిల్‌లో మొదటి ప్రదర్శన. ఆడది యజమాని, ఆడది గురువు, ఆడవాళ్లే శిష్యురాళ్లు. ఇక్కడైనా తయారీ వేరుగా ఉంటుందని ఆశపడతాం.

కిమ్ లాంజినాటో, జానో విలియమ్స్ కలిసి తీసిన 'గైయా గాళ్స్' డాక్యుమెంటరీ 2000లో వచ్చింది. లాంజినాటో మనకి తెలియని మనిషి కాదు, ఉత్తరప్రదేశ్ సంపత్ పాల్ మీద 2010లో 'పింక్ శారీస్' తీసింది ఆమే. 'గైయా గాళ్స్'లో తకెఉచి అనే శిక్షణార్థి పరీక్షలో తప్పుతుంది. నగయో ఆమెని అందరిముందూ కొడుతుంది, తిడుతుంది, నోట్లోంచి నెత్తురొచ్చినా లేచి నిలబడమంటుంది. ఆ పిల్ల ఏడుస్తూనే లేస్తుంది. కెమెరా కల్పించుకోదు, తీర్పు చెప్పదు. చివరికి ఆ పిల్ల రింగెక్కుతుంది.

మొదటిసారి ఆ సినిమా చూసినప్పుడు మధ్యలో ఆపేశాను. మళ్లీ చూశాను. నగయో క్రూరురాలని చెప్పి తప్పుకోవచ్చు. కానీ ఆ రంగంలో సరిగ్గా పడటం రాకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. 1987లో పంతొమ్మిదేళ్ల అకిరా హొకుతో మెడ ఎముక విరిగితే, తల రెండు చేతులతో పట్టుకుని మిగతా పోటీ పూర్తిచేసింది. కంపెనీకి అది వీరగాథ అయింది. 1997లో ప్లమ్ మరికో రింగులో పడి మర్నాడు చనిపోయింది. 1999లో, రింగెక్కిన కొద్దిరోజులకే ఎమికో కడో చనిపోయింది. ఆ పిల్లని గట్టిపరచకుండా రింగులోకి పంపడం కూడా హింసే. గట్టిపరచడానికి కొట్టడం తప్ప ఇంకో దారి నగయోకి ఎవరూ నేర్పలేదు. అధికారం ఆడవాళ్ల చేతికొస్తే చాలదనీ, పాత పద్ధతిని మర్చిపోవడం కూడా ఒక శిక్షణేననీ నాకు ఆ సినిమా చెప్పింది.

అయినా ఆమె తయారీలో ఒక తేడా ఉంది. గైయా మొదటి ప్రదర్శనలోనే పదిహేనేళ్లకి రింగెక్కిన మేయికో సతొముర 2005లో గైయా, జెన్‌జో రెండూ మూతపడ్డా ఆగలేదు. సెండాయ్‌లో సొంత సంస్థ నిలబెట్టి కొత్త అమ్మాయిలకి నేర్పింది. 2025 ఏప్రిల్ 29న, నలభై అయిదేళ్ల వయసులో, ముప్ఫై ఏళ్లు రెజ్లింగ్ చేశాక తప్పుకుంది. ఎప్పుడు ఆపాలో తనే తేల్చుకుంది. మత్సునాగా సోదరులు గీసిన పాతికేళ్ల గీతకి దాదాపు రెట్టింపు దూరం నడిచింది.

పేరు ఎవరిది?

ఇప్పటి కంపెనీలు గడువు పెట్టవు. 2013లో డబ్ల్యూడబ్ల్యూఈ ఫ్లోరిడాలోని ఓర్లాండోలో పెద్ద శిక్షణకేంద్రం తెరిచింది. అంతకు ఏడాది ముందే సారా అమాతో అనే మల్లయోధురాలిని శిక్షకురాలిగా తీసుకుంది. 'దివాస్' అన్న పిలుపు 2016లో పోయింది. 2019 ఏప్రిల్‌లో రెజిల్‌మేనియా చివరి పోటీ మొదటిసారి ఆడవాళ్లది అయింది. ఇవన్నీ అభిమానులూ రెజ్లర్లూ పోరాడి తెచ్చుకున్న మార్పులు, తక్కువ చేసి చూడను.

కానీ ఆ కంపెనీలో రెజ్లర్లు ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. రింగు పేరు మామూలుగా కంపెనీ సొత్తు. సాషా బ్యాంక్స్‌గా ప్రపంచమంతా తెలిసిన అమ్మాయి 2022లో కంపెనీ నుంచి బయటికి నడిచింది. 2023 జనవరిలో జపాన్‌లో మెర్సిడెస్ మొనే అన్న కొత్త పేరుతో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. పదేళ్ల శ్రమతో సంపాదించుకున్న పేరు గడప దాటేసరికి తనది కాకుండా పోయింది. పెళ్లితో ఇంటిపేరు మార్చుకుని, పాత పేరుతో అచ్చయిన రచనలు తనవేనని రుజువు చేసుకోవాల్సి వచ్చిన రచయిత్రులు ఈ పేజీలు చదివేవాళ్లలో కొందరైనా ఉంటారు. వాళ్లకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

2017లో హర్యానాకి చెందిన కవితాదేవి ఆ కంపెనీ పోటీలో సల్వార్ కమీజ్‌తో రింగెక్కింది. వెయిట్ లిఫ్టింగ్ నుంచి వచ్చింది, బిడ్డతల్లి. జలంధర్‌లో గ్రేట్ ఖలీ పెట్టిన కేంద్రంలో నేర్చుకుంది. మొదటి రౌండులోనే ఓడినా ఆ వీడియో లక్షలమంది చూశారు. ఆ ఏడాదే కాంట్రాక్టు ఇచ్చారు, 2021లో తీసేశారు. సల్వార్ కమీజ్‌లో ఉన్న ఆ బలమైన ఆడమనిషిని ప్రపంచం చూడటం ఎంత నిజమో, భారతదేశపు మార్కెట్ కోసం ఆమెని వాడుకుని పక్కన పెట్టడమూ అంతే నిజం.

చెడ్డపిల్ల పాత్ర కూడా పోలేదు, చోటు మారిందంతే. జపాన్‌లో హనా కిమురా స్టార్‌డమ్ అనే కంపెనీలో దుడుకు పాత్రలు వేసేది. తల్లి క్యోకో కూడా రెజ్లరే. హనా ఒక రియాలిటీ షోలో పాల్గొంది. అందులో ఒక గొడవ ప్రసారమయ్యాక ఆమె మీద సోషల్ మీడియాలో విషం కురిసింది. 2020 మేలో, ఇరవై రెండేళ్లకే ప్రాణం తీసుకుంది. డంప్‌ని ద్వేషించినవాళ్లు ఆమె ఇంటిదాకా నడిచి వెళ్లాల్సి వచ్చింది. హనాని ద్వేషించినవాళ్లకి ఆ శ్రమ కూడా లేకపోయింది. తిట్టినవాళ్లలో ఇద్దరికి పడ్డ శిక్ష తలా 9,000 యెన్ల జరిమానా. క్యోకో ఊరుకోలేదు. ఆమె పోరాటం వల్ల 2022లో జపాన్ చట్టం మారి, అవమానించే నేరానికి ఏడాది దాకా జైలుశిక్ష పడేలా అయింది. పాత్రకీ మనిషికీ మధ్య ఉండాల్సిన గోడని కట్టే బాధ్యత కంపెనీదా, టీవీదా, చూసేవాళ్లదా? అందరూ వదిలేస్తే ఆ పని ఒక తల్లి మీద పడింది.

ఇంతా అయ్యాక 2024లో డంప్ మత్సుమోతో జీవితం మీద నెట్‌ఫ్లిక్స్‌లో 'ది క్వీన్ ఆఫ్ విలన్స్' సీరియల్ వచ్చింది. అందులో నటీమణులకి రెజ్లింగ్ నేర్పిన బృందాన్ని నడిపింది చిగుసా నగయో. ఒకప్పుడు తన జుట్టు తీసిన 'శత్రువు' కథని తెరకెక్కించడానికి కొత్త తరం అమ్మాయిలకి పడటం నేర్పింది.

2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ ప్రదర్శన జరిగింది. మా అన్నయ్య కూతుర్ని తీసుకుని వెళ్లాను. దానికి పదేళ్లు. రియా రిప్లీ, నటాల్యా రింగెక్కినప్పుడు గొంతు పోయేలా అరిచింది. మా ట్రంప్ కార్డుల్లో ఒక్క ఆడమనిషి కూడా లేదని చెబితే నమ్మలేదు. తిరిగొస్తూ ఆటోలో అడిగింది, "అత్తా, నేనూ అట్లా అవ్వొచ్చా?"

"ఎందుకవ్వకూడదూ" అన్నాను. అప్పటికి అంతే చెప్పగలిగాను. అది నిజమే. అమ్మమ్మ రెండో మాట చెప్పడానికి ఆ రాత్రి మనసొప్పలేదు. ఎవరు నేర్పుతారో, ఏ కాగితం మీద సంతకం పెట్టిస్తారో, కిందపడితే ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకుంటారో, వదిలి వెళ్లేరోజున పేరు ఎవరి దగ్గర ఉండిపోతుందో, అడిగి మరీ వెళ్లాలని దానికి చెప్పాలి. దానికి ఇంకాస్త వయసొచ్చాక చదువుతుందని ఇదంతా ఇక్కడ రాసి పెడుతున్నాను.